నెల లెక్క సరిపోతోంది, డబ్బు మాత్రం మిగలడం లేదు: బెంగళూరులో ఉంటున్న ఒక చెల్లెలికి జవాబు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది నంద్యాల. మారతహళ్ళిలో అద్దెకు ఉంటున్నారు. మీకూ మీవారికీ కలిపి చేతికి 92,000 వస్తోంది. నాలుగేళ్ళ పాప ఉంది. నెలనెలా పుస్తకంలో లెక్క రాస్తున్నా ఇరవయ్యో తేదీకల్లా ఖాతా ఖాళీ అయిపోతోంది, క్రెడిట్ కార్డు మీద 1,10,000 బాకీ పేరుకుంది. "బెంగళూరులో ఈ జీతానికి మిగలదులే" అని మీవారు అంటున్నారు. "బంగారం కొనుక్కోండి, అదే మిగిలేది" అని మీ అత్తగారు అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని అడిగారు.

నేను 1991లో ప్రొద్దుటూరు నుంచి పెళ్ళి చేసుకుని ఈ ఊరు వచ్చాను. బ్యాంకులో ముప్ఫై ఏళ్ళు పనిచేశాను, అందులో ఎక్కువ కాలం కౌంటర్‌లోనే. అప్పుల్లో పడినవాళ్ళనీ, పడి లేచినవాళ్ళనీ దగ్గరగా చూశాను. మా ఇంట్లో కూడా మొదటి పదేళ్ళు మీ పరిస్థితే. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు మీరు ఇచ్చిన నెల ఖర్చులు కూడి చూశాను. అద్దె, మెయింటెనెన్స్ కలిపి 26,500. సరుకులు, కూరగాయలు, పాలు 16,000. బయటి నుంచి తెప్పించుకునే భోజనం 7,500. పెట్రోలు, ఆటోలు 6,000. కరెంటు, గ్యాస్, ఫోన్లు, ఇంటర్నెట్, ఓటీటీలు 4,000. పనమ్మాయికి 3,000. బైక్ ఈఎంఐ 4,200. అత్తమామలకు 8,000. చీటీ 5,000. కార్డుకు కట్టే కనీస మొత్తం 5,500. అన్నీ కలిపితే 85,700. ఈ లెక్కన నెలకు 6,300 మిగలాలి. మిగలడం లేదు. మీరు లెక్క తప్పు రాశారని నేను అనుకోవడం లేదు. మీ పుస్తకంలోకి రాని ఖర్చులు కొన్ని ఉన్నాయి, అవే మింగేస్తున్నాయి.

మీ ప్రశ్న చివర్లో రెండు మాటలు అన్నారు చూడండి. పాప ఎల్‌కేజీ ఫీజు 78,000 జూన్‌లో కార్డు మీద కట్టామన్నారు. మార్చిలో ఎల్‌ఐసీ ప్రీమియం 24,000 కట్టామన్నారు. ఈ రెండూ మీ నెల జాబితాలో లేవు. ఇలాంటివి ఇంకా ఏమేం ఉంటాయో మీలాంటి ఇంటిని బట్టి నేను అంచనా వేశాను, మీరు సరిచూసుకోండి. సంక్రాంతికి, ఎండాకాలం సెలవులకు, దసరాకు ఊరు వెళ్ళి రావడం మూడుసార్లకు 27,000. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, చదివింపులు 25,000. పండగ బట్టలు 20,000. డాక్టర్లు, మందులు 12,000. బండి ఇన్సూరెన్స్, సర్వీసింగ్ 8,000. ఫీజు, ప్రీమియం కూడా కలిపితే ఏడాదికి 1,94,000.

మీకు నెలకు మిగలాల్సిన 6,300 పన్నెండు నెలలకు 75,600 అవుతుంది. ఖర్చు 1,94,000. ఏడాదికి లోటు 1,18,400. మీ కార్డు బాకీ 1,10,000. ఈ రెండు అంకెలూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూశారా? మీ బాకీ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలిసినంతలో ఇదే జవాబు. మీరు దుబారా చేసి తెచ్చుకున్న అప్పు కాదిది. ఏడాదికోసారి వచ్చే ఖర్చులకు నెలనెలా పక్కన పెట్టకపోవడం వల్ల వచ్చిన అప్పు.

బ్యాంకులో కూర్చుని ఇదే చూశాను. జూన్ మొదటి రెండు వారాలూ నగలు తాకట్టు పెట్టడానికి వచ్చేవాళ్ళు ఎక్కువ. సంక్రాంతి అయ్యాక మళ్ళీ కొంతమంది వచ్చేవాళ్ళు. "అనుకోకుండా ఖర్చు వచ్చిపడింది మేడమ్" అనేవాళ్ళు. పాపం, వాళ్ళ మాట అబద్ధం కాదు, వాళ్ళకు నిజంగానే అలా అనిపించేది. కానీ పిల్లల ఫీజు జూన్‌లో వస్తుందని జనవరిలోనే తెలుసు. సంక్రాంతి ఎప్పుడో క్యాలెండర్‌లో ఉంది. జబ్బు చేయడం, ఉద్యోగం పోవడం అనుకోనివి. వాటికి వేరే డబ్బు కావాలి, దాని సంగతి తర్వాత చెబుతాను.

కాబట్టి మొదటి పని: ఈ 1,94,000ను పన్నెండుతో భాగించండి. సుమారు 16,200. ఇది అద్దె లాంటిదే అనుకోండి. అద్దె కట్టడం మానం కదా, అలాగే జీతం పడిన మర్నాడే ఈ డబ్బు వేరే ఖాతాలోకి వెళ్ళిపోవాలి. మీ ఇద్దరిలో ఒకరికి పాత సేవింగ్స్ ఖాతా ఏదో ఒకటి ఉండే ఉంటుంది. దానికి యూపీఐ పెట్టకండి, డెబిట్ కార్డు పర్సులో పెట్టుకోకండి. నెలకోసారి ఆటోమేటిక్‌గా బదిలీ అయ్యేలా బ్యాంకు యాప్‌లో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. నా రోజుల్లో ఇదే పనికి అల్మరాలో కవర్లు ఉండేవి, ఒక్కో కవరు మీద "స్కూలు", "ఊరు", "పెళ్ళిళ్ళు" అని రాసి పెట్టుకునేదాన్ని. పద్ధతి అదే, కవరు బదులు ఖాతా.

16,200 ఎక్కడి నుంచి తేవాలి అని మీరు అడుగుతారు. ఇప్పుడు మీ దగ్గర ఉన్నది 6,300. ఇంకా పదివేలు దొరకాలి. అది దొరుకుతుంది, కానీ ముందు కార్డు సంగతి తేల్చుకోవాలి. అది అలాగే ఉంటే ఎంత పొదుపు చేసినా చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే.

కార్డు వడ్డీ సాధారణంగా నెలకు 3.5 శాతం దాకా ఉంటుంది, అంటే ఏడాదికి 42. 1,10,000 మీద నెల వడ్డీ 3,850. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 693. మొత్తం 4,543. మీరు కడుతున్న 5,500లో అసలుకు పోయేది వెయ్యి రూపాయలు కూడా లేదు, 957 మాత్రమే. పైగా బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన ప్రతి కొనుగోలుకూ ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది, నలభై అయిదు రోజుల గడువు మీకు వర్తించదు. చాలామందికి ఈ సంగతి తెలియదు.

మీ దగ్గర పెళ్ళినాటి గొలుసు, గాజులు ఉన్నాయని రాశారు. వాటిలో కొంత బ్యాంకులో పెట్టి 1,10,000 గోల్డ్ లోన్ తీసుకుని కార్డు బాకీ ఒక్కసారిగా తీర్చేయండి. నగ తాకట్టు అంటే మనవాళ్ళు పరువు పోయినట్టు బాధపడతారు. దయచేసి అలా అనుకోకండి. ఏడాదికి 42 శాతం వడ్డీ కడుతూ మెడలో గొలుసు వేసుకుని తిరగడం కంటే ఇది నయం. ఏడాదికి 10 శాతం వడ్డీ అనుకుంటే, ఇప్పుడు కార్డుకు కడుతున్న అదే 5,500 నెలనెలా కడితే 22 నెలల్లో అప్పు తీరిపోతుంది, నగ ఇంటికొస్తుంది. జేబులోంచి ఒక్క రూపాయి ఎక్కువ పోదు. రెండు జాగ్రత్తలు మాత్రం తీసుకోండి. ఏడాది చివర ఒకేసారి కట్టే రకం లోన్ కాకుండా నెలనెలా కట్టే రకం అడగండి. కార్డును వాడకుండా లాకర్‌లోనో, ఇంట్లో ఎక్కడో లోపలో పెట్టేయండి. బాకీ తీర్చాక మూడు నెలలకు మళ్ళీ కార్డు నిండినవాళ్ళను చూశాను. అప్పుడు నగా బ్యాంకులోనే, కార్డు బాకీ కూడా నెత్తిమీదే.

చీటీ గురించి. "తెలిసినాయన దగ్గర, మా ఊరివాళ్ళంతా వేస్తారు" అన్నారు. ఇది చదివి నాకు భయం వేసింది. 2009లో మా వీధిలోనే ఒకాయన చీటీలు నడిపేవాడు. మన భాషవాడు, మంచిచెడ్డలకు వచ్చేవాడు, మా బాబు బారసాలకు భోంచేసి వెళ్ళాడు. బ్యాంకులో పనిచేసే నేనే నమ్మాను. నెలకు 4,000 చొప్పున పదిహేడు నెలలు కట్టాక ఒక ఆదివారం వాళ్ళింటికి తాళం ఉంది. 68,000 పోయింది. రశీదు లేదు, ఒప్పందం లేదు. ఆయన రాసిచ్చిన చిన్న పుస్తకం ఒకటి ఉంది, అది ఎక్కడా చెల్లలేదు. ఆ రోజుల్లో అది మా ఇద్దరి నెల జీతం కంటే ఎక్కువ. మావారు నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఇంకా బాధ వేసింది.

చీటీ అంటేనే చెడ్డదని నేను అనను. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ అయిన చీటీకి పద్ధతి ఉంది. చీటీ మొదలుపెట్టే ముందు నిర్వాహకుడు రిజిస్ట్రార్ దగ్గర అనుమతి తీసుకోవాలి, చీటీ విలువకు తగ్గ పూచీ పెట్టాలి, సభ్యుడితో ఒప్పందం రాసుకోవాలి. కమీషన్ 7 శాతానికి మించకూడదు. కర్ణాటకలో ప్రభుత్వ సంస్థ ఎం.ఎస్.ఐ.ఎల్. కూడా చీటీలు నడుపుతోంది. మీ చీటీ ఆయన్ను రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. మొహమాటపడకండి. నంబరు చూపించలేకపోతే, వీలైనంత త్వరగా పాట పాడి డబ్బు చేతికి తెచ్చుకోండి, కాస్త తక్కువ వచ్చినా సరే. మిగతా వాయిదాలు మాట తప్పకుండా కట్టి బయటపడండి. ఆ వచ్చిన డబ్బుతో గోల్డ్ లోన్ ఇంకా ముందే తీరుతుంది.

ఇక ఆ పదివేల సంగతి. ఎక్కువగా దొరికేది వంటింట్లోనే, కానీ మీరనుకునే చోట కాదు. పాలప్యాకెట్ ఒకటి తగ్గించడం, పాపకు పళ్ళు తగ్గించడం లాంటివి వద్దు. బయటి నుంచి తెప్పించుకునే 7,500 చూడండి. ఇది సరదా ఖర్చని మీరు సిగ్గుపడుతూ రాశారు. కాదమ్మా, అది అలసట ఖర్చు. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఇద్దరూ ఎనిమిదింటికి ఇల్లు చేరి, పాప ఆకలి అని ఏడుస్తుంటే ఎవరైనా ఫోన్ తీస్తారు. "రేపటి నుంచి బయటి తిండి బంద్" అని ప్రమాణం చేస్తే పదిరోజులు కూడా నిలవదు. ఎనిమిది గంటలకు ఇంట్లో ఏదో ఒకటి సిద్ధంగా ఉండేలా చూసుకోవాలి, అంతే.

మన సీమ ఇళ్ళల్లో దీనికి జవాబు ఎప్పుడూ ఉంది. కందిపొడి, పప్పులపొడి, నువ్వులపొడి, చింతకాయ తొక్కు, ఆవకాయ. ఆదివారం గంట కూర్చుంటే రెండు పొడులు అయిపోతాయి, నెల వస్తాయి. దోసెపిండి మూడు రోజులకు సరిపడా రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున కుక్కర్ పెట్టేటప్పుడే రాత్రికి కూడా పప్పు ఉడికించి పెట్టుకుంటే రాత్రి తాలింపు ఒక్కటే పని. మరీ ఒంట్లో ఓపిక లేని రోజు మారతహళ్ళిలో మన కర్రీ పాయింట్లకు కొదవ లేదు. అన్నం ఇంట్లో వండుకుని ఒక కూర, ఒక పప్పు తెచ్చుకుంటే ముగ్గురికి సరిపోతుంది, యాప్‌లో రెండు బిర్యానీలు తెప్పించిన దాంట్లో మూడోవంతు కూడా కాదు. మీవారు వచ్చేదారిలో తెస్తే డెలివరీ ఛార్జీ, ప్లాట్‌ఫాం ఫీజు, ప్యాకింగ్ ఛార్జీ ఏవీ ఉండవు. నెలకు రెండు ఆదివారాలు మాత్రం హాయిగా బయట తినండి. ఇలా 7,500ను 3,500కు తేవచ్చు.

సరుకుల్లో ఇంకో 2,500 దొరుకుతుంది. పది నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్‌లు కొత్తిమీర కోసం తెరిస్తే చిప్స్, ఐస్‌క్రీమ్ కూడా కలిసి వస్తాయి. నా కోడలి ఫోన్‌లో ఒక నెల ఆర్డర్లు ఇద్దరం కూర్చుని లెక్కపెట్టాం. ముప్ఫై ఒక్క ఆర్డర్లు. రోజుకొకటి. ఒక్కొక్కటీ చిన్నదే. ఫ్రిజ్ మీద కాగితం అంటించి, అయిపోయినవి రాసి, వారానికి ఒక్కసారే కొనడం మొదలుపెట్టాక ఆమె ఖర్చు తనంతట తానే తగ్గింది. కూరగాయలకు రైతుల సహకార సంఘం వాళ్ళ హాప్‌కామ్స్ దుకాణమో, కె.ఆర్.పురం మార్కెట్టో మంచిది. వారానికోసారి పాపను కూడా తీసుకెళ్ళండి, బేరం ఎలా ఆడతారో దానికీ తెలుస్తుంది.

బియ్యం మాత్రం మీరు ఇక్కడ కొనడం నాకు ఆశ్చర్యంగా ఉంది. సోనామసూరి పండే ఊరు మీది. తెలిసిన మిల్లులో రెండు మూడు బస్తాలు కొని, ఊరి నుంచి ఎవరి కారో వస్తున్నప్పుడు వేయించుకోండి. ఇంకో సంగతి. 2022 జులై నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ ఉంది, ఆ పైన బరువున్న బస్తాకు లేదు. అందుకే దుకాణాల్లో 26 కిలోల బస్తాలు వచ్చాయి. ఇక్కడ కొనాల్సి వచ్చినా ఆ బస్తానే అడగండి. ఎండుమిరపకాయలు, చింతపండు, కందిపప్పు, ధనియాలు ఎండాకాలంలో కొత్త పంట వచ్చినప్పుడు ఏడాదికి సరిపడా తెచ్చుకోవడం మన అమ్మల పద్ధతి. ఎండబెట్టి డబ్బాలకెత్తుకుంటే పురుగు పట్టదు. దీనికి కావలసిన డబ్బు కూడా ఆ రెండో ఖాతాలో వేసుకుంటూ రండి.

కరెంటు, బస్సు గురించి బెంగళూరులో మనవాళ్ళు చాలామంది ఒక పొరపాటు చేస్తారు. "ఆ పథకాలు ఇక్కడివాళ్ళకే" అనుకుని అడగరు. కర్ణాటక ప్రభుత్వం ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి అద్దెకు ఉన్నవాళ్ళకు కూడా వర్తిస్తుంది. మీ ఇంటి మీటరు 2022-23లో సగటున ఎన్ని యూనిట్లు వాడిందో చూసి, దానికి కొంచెం కలిపి, అంతవరకు ఉచితం ఇస్తారు. గరిష్ఠంగా 200 యూనిట్లు. పాత అద్దెదారు ఆధార్ ఆ మీటరుకే ఉండిపోతే ముందు దాన్ని తీయించాలి. అద్దె ఒప్పందం పట్టుకుని దగ్గర్లోని బెస్కాం ఆఫీసులో అడగండి. ఒక ముఖ్యమైన విషయం: 200 దాటితే అదనపు యూనిట్లకే కాదు, మొత్తం బిల్లు కట్టాలి. కాబట్టి గీజరు మీద కన్నేసి ఉంచండి. 2,000 వాట్ల గీజరు అరగంట నడిస్తే ఒక యూనిట్. స్విచ్ వేసి మరిచిపోతే యూనిట్లు ఊరికే పోతాయి. పాత ఫ్యాను 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ అనే కొత్తరకం ఫ్యాను 30 చుట్టుపక్కల. పాతది పాడైనప్పుడు మార్చుకుంటే చాలు, ఇప్పుడే అన్నీ తీసి పారేయకండి.

బీఎంటీసీ మామూలు సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకు 2023 జూన్ నుంచి శక్తి పథకం కింద టికెట్ లేదు. దానికి కర్ణాటక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. మీ ఆధార్ ఇంకా నంద్యాలదే అన్నారు. మార్చుకునే ముందు ఒక్కటి చూసుకోండి, ఊళ్ళో అత్తగారి రేషన్ కార్డులో మీ పేరు ఉంటే దానికేమైనా ఇబ్బంది వస్తుందేమో అడిగి తెలుసుకుని మార్చండి. వారంలో మూడు రోజులు ఆటో బదులు బస్సెక్కినా నెలకు వెయ్యి మిగులుతుంది. చూడని ఓటీటీలు, వాడని రీఛార్జీలు తీసేసి, గృహజ్యోతి కూడా వస్తే ఇంకో వెయ్యి.

ఊరి ప్రయాణాల్లో ఏడాదికి తొమ్మిదివేలు తగ్గించవచ్చు. పండగ ముందు ప్రైవేటు బస్సు టికెట్ ఎంతకు పోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తున్నారు, ఇదివరకు 120 ఉండేది. జనవరి 12న బయలుదేరాలంటే నవంబర్ 13 పొద్దున ఎనిమిదింటికి సిద్ధంగా ఉండాలి. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ నంద్యాల మీదుగానే పోతుంది. ఈ మూడు ప్రయాణాల బుకింగ్ తేదీలూ ఇవాళే ఫోన్‌లో అలారం పెట్టేయండి. బట్టలు, చదివింపుల్లో కూడా ఏడాదికి పన్నెండువేలు తగ్గించవచ్చు. దగ్గరివాళ్ళకు ఇంత, దూరపువాళ్ళకు ఇంత అని మీ ఇద్దరూ ముందే అనుకుంటే పెళ్ళి పందిట్లో కవరు పట్టుకుని ఆలోచించాల్సిన పని ఉండదు.

నెలకు ఎంతైందో చూడండి. బయటి తిండి 4,000, సరుకులు 2,500, కరెంటు వగైరా 1,000, ఆటోలు 1,000, ప్రయాణాలు 750, బట్టలు, చదివింపులు 1,000. మొత్తం 10,250. నెలకు లోటు 9,900 దాకా ఉంది కదా, అది పూడిపోతుంది.

తిండికీ సరుకులకూ పెట్టిన 17,000ను మాత్రం నెలకు కాకుండా వారానికి విడగొట్టండి. వారానికి నాలుగు వేలు. యూపీఐకి ఒక ఖాతా విడిగా పెట్టుకుని, ప్రతి సోమవారం దాంట్లోకి నాలుగు వేలే వేయండి. జీతం పడే ఖాతా నుంచి యూపీఐ తీసేయండి. శుక్రవారానికి మూడొందలే ఉంటే ఆ వారం పొడులతో గడిచిపోతుంది. నెలాఖరులో పది రోజులు టెన్షన్ పడేకన్నా వారాంతంలో ఒక రోజు సర్దుకోవడం తేలిక. నేను చెప్పినవాళ్ళలో ఎక్కువమందికి పనిచేసింది ఈ ఒక్క మార్పే.

నేను తగ్గించమని చెప్పనివి కూడా ఉన్నాయి. అత్తమామలకు పంపే ఎనిమిది వేలు కదిలించకండి. అది వాళ్ళ మందులు, కరెంటు బిల్లు. అద్దె కూడా వద్దు. మీ ఆదాయంలో అద్దె 29 శాతం లోపే ఉంది. నాలుగు వేలు తక్కువని హోస్కోటె వైపు వెళితే పెట్రోలుకు, ఆటోలకు, అలసటకు అంతకంటే ఎక్కువ పోతుంది, పాపను చూసుకునే గంట కూడా పోతుంది. ఎప్పుడైనా ఇల్లు మారితే మాత్రం అద్దెకంటే ముందు మూడు అడగండి: కావేరి నీళ్ళున్నాయా, ట్యాంకరా? ట్యాంకరైతే ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లోనే ఉందా? ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కు అడ్వాన్స్‌లో ఎంత పట్టుకుంటారు? 2024 ఎండాకాలంలో బోర్లు ఎండిపోయినప్పుడు మా వైపు ఇళ్ళల్లో నీళ్ళ ఖర్చు అద్దెకు తోడైంది.

బంగారం విషయంలో మీ అత్తగారితో వాదించకండి. ఆవిడ చూసిన కాలంలో ఆడదాని చేతిలో ఉన్న ఆస్తి అదొక్కటే. ఇప్పుడు మీకూ అదే అక్కరకొస్తోంది. కానీ అప్పు ఉండగా కొనకండి. తర్వాత కొన్నా, దాచుకోవడానికైతే నగ వద్దు. తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ పోయాక మీరు పెట్టిన డబ్బు రావాలంటేనే ధర చాలా పెరగాలి.

పన్ను తగ్గుతుందని మార్చిలో ఎవరైనా కొత్త పాలసీ తెస్తే వద్దనండి. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేదు, మీ ఇద్దరి జీతాలూ విడివిడిగా అంతకు లోపే. దానికి బదులు మీవారి పేరిట టర్మ్ ఇన్సూరెన్స్ (మనిషికి ఏమైనా అయితేనే ఇంటివాళ్ళకు డబ్బు వచ్చే బీమా), ముగ్గురికీ కలిపి ఆరోగ్య బీమా తీసుకోండి. ఆఫీసు ఇచ్చిన బీమా ఉద్యోగంతోనే పోతుంది. సొంతంగా తీసుకునే ఈ రెండు రకాల పాలసీల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ తీసేశారు.

మొదటి ఏడాది మీకు పెద్దగా మిగలదు. ఇది ముందే చెబుతున్నాను, మధ్యలో నిరాశపడకూడదని. ఈ ఏడాది కొత్త అప్పు ఆగుతుంది, పాతది కరుగుతుంది. బైక్ ఈఎంఐ ఇంకో ఎనిమిది నెలలే అన్నారు. అది అయిపోయిన నెల నుంచే ఆ 4,200 ఖర్చుల్లోకి జారిపోకుండా చూసుకోండి. అందులో వెయ్యి పాప పేరిట పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతాకు. పదేళ్ళ లోపు ఆడపిల్లకు తెరవచ్చు. 2024 జనవరి నుంచి 8.2 శాతం ఇస్తున్నారు. నెలకు వెయ్యి చొప్పున పదిహేనేళ్ళు కడితే కట్టేది 1,80,000, రేటు ఇలాగే ఉంటే ఖాతాకు 21 ఏళ్ళు నిండేసరికి ఐదున్నర లక్షల దాకా వస్తుంది. మిగతా 3,200లోంచే బీమా ప్రీమియాలు, ఇంకా ఉన్నది నెలనెలా కొంత వేసే రికరింగ్ డిపాజిట్‌లో. నేను పైన అనుకోని ఖర్చులన్నాను చూడండి, దానికి ఈ డిపాజిట్టే. ముందు ముప్ఫై వేలు కూడాలి, తర్వాత మెల్లగా మూడు నెలల ఖర్చు అంత. గోల్డ్ లోన్ తీరాక ఆ 5,500 కూడా ఇటే వస్తుంది. షేర్లు, మ్యూచువల్ ఫండ్ల గురించి అడిగారు. అవి మంచివే, కానీ ఈ ముప్ఫై వేలు లేకుండా వాటిలోకి వెళితే పాపకు జ్వరం వచ్చిన నెలలో నష్టానికి అమ్ముకోవాల్సి వస్తుంది.

మీవారి గురించి ఒక్క మాట. "మిగలదులే" అనే మగవాడు చాలాసార్లు భయపడి అంటాడు. ఖర్చుల పుస్తకం చూపించి ఇదిగో నీ పెట్రోలు, నీ బిర్యానీ అని మొదలుపెడితే ఆయన లేచి వెళ్ళిపోతారు. ఈ శనివారం పాప పడుకున్నాక ఒక తెల్లకాగితం మీద పన్నెండు నెలల పేర్లూ వరుసగా రాసి ఆయన ముందు పెట్టండి. ఏ నెలలో ఏ ఖర్చు వస్తుందో ఆయన్నే చెప్పమనండి, మీరు రాయండి. మా ఇంట్లో మావారు ఆ కాగితం మీద చెప్పిన మొదటి ఖర్చు వాళ్ళ చెల్లెలి కొడుకు పంచెల ఫంక్షన్. నాకు అసలు గుర్తే లేదు.

సోమవారం బ్యాంకుకు వెళ్ళేటప్పుడు ఆధార్, పాన్ తీసుకెళ్ళండి. రాళ్ళ నగ కాకుండా సాదా గొలుసు పట్టుకెళ్ళండి, రాళ్ళ బరువు తీసేసే లెక్క కడతారు. తూకం మీ ఎదురుగా వేయమని అడగండి, రశీదు మీద గ్రాములు సరిగా ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. కార్డు బాకీ ఎంత కట్టాలో ఆ రోజు వరకు వడ్డీతో సహా కస్టమర్ కేర్‌ను అడిగి పూర్తిగా కట్టండి. స్టేట్‌మెంట్‌లో ఉన్న అంకె మాత్రమే కడితే వచ్చే నెల మళ్ళీ కొంత వడ్డీ తేలుతుంది. చీటీ ఆయన రిజిస్ట్రేషన్ నంబరు గురించి ఏం చెప్పారో నాకు రాయండి.